పొరుగింటి కుక్కతో తగాదా: చట్టం జవాబు అడిగేది యజమానిని

ప్రశ్న: మేము విజయవాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. మా పై ఫ్లాటులోకి ఏడాది కిందట ఒక కుటుంబం అద్దెకు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. వాళ్లు ఒక జర్మన్ షెపర్డ్ కుక్కను పెంచుతున్నారు. పొద్దున వెళ్లేటప్పుడు దాన్ని బాల్కనీలో కట్టేసి వెళతారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా మొరుగుతూనే ఉంటుంది. రాత్రి కూడా అక్కడే కడతారు. మా అత్తగారు గుండె జబ్బు మనిషి, ఆమెకు నిద్ర కరవైంది. మెట్ల మీద, టెర్రస్ మీద మలమూత్రాలు. అడిగితే ‘మొరిగే కుక్క కరవదు లెండి’ అని నవ్వేస్తారు. నాలుగు రోజుల కిందట లిఫ్టు దగ్గర గొలుసు లేకుండా ఉన్న ఆ కుక్క ఎనిమిదేళ్ల మా అబ్బాయి మీదికి దూకింది. మోచేతి దగ్గర గోరు గీసుకుని కొంచెం రక్తం వచ్చింది. టీకాలు వేయించామని వాళ్లు చెప్పడంతో పసుపు పెట్టి ఊరుకున్నాం. ఇప్పుడు అసోసియేషన్‌వారు అపార్ట్‌మెంటులో కుక్కలనే నిషేధిస్తూ తీర్మానం చేద్దామంటున్నారు. సుప్రీంకోర్టే కుక్కలను తీసేయమంది కదా అని వాళ్ల వాదన. ఒకాయన ‘మందు పెడితే పీడ వదులుతుంది’ అని కూడా అన్నారు. పోలీసుల దాకా వెళితే ఇరుగుపొరుగు మధ్య పగ మిగిలిపోతుందని మావారి భయం. మేము ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా,

మిగతా సంగతులన్నీ ఒక పూట ఆగుతాయి, బాబు చేతి గాయం ఆగదు. ఈ జవాబు చదవడం మధ్యలో ఆపేసినా సరే, ముందు బాబును దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క గోరు గీసుకుని రక్తం వచ్చిందంటే వైద్యులు దాన్ని మూడో తరగతి గాయంగా, అంటే అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సిన గాయంగా లెక్కిస్తారు. కుక్కలు తమ పంజాలను నాక్కుంటూ ఉంటాయి కాబట్టి గోరు గీతను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం రాని గీత అయితే రేబిస్ (పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు) టీకా సరిపోతుంది. రక్తం వచ్చినప్పుడు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా ఇస్తారు. టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28 రోజుల్లోనూ, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లోనూ వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచే కాలం ఎప్పుడో పోయింది, బాబును ఆ మాటతో ఎవరైనా భయపెడితే నమ్మనివ్వకండి.

నాలుగు రోజులు గడిచిపోయాయి, ఇక లాభం ఏముందని అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషిని కాపాడే చికిత్స లేదు. బయటపడక ముందు మొదలుపెట్టిన టీకా మాత్రం ప్రాణం నిలుపుతుంది. అందుకే ఆలస్యమైనా మొదలుపెట్టాల్సిందే. ఇకముందు ఎవరికి ఇలాంటి గాయమైనా పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకండి. పారుతున్న నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వైరస్‌ను గాయం దగ్గరే చాలావరకు తుడిచిపెట్టేది ఆ కడగడమే.

పై ఫ్లాటువాళ్లు టీకాలు వేయించామన్నారు. నోటిమాట చాలదు, టీకాల పుస్తకం చూపించమనండి. అందులో రేబిస్ టీకా వేసిన తేదీ, సీసా మీది చీటీ, పశువైద్యుడి సంతకం ఉంటాయి. కుక్కపిల్లకు మూడు నెలల వయసు నిండాక మొదటి రేబిస్ టీకా వేస్తారు. తర్వాత బూస్టరు, అక్కడినుంచి ఏటా ఒకటి. చివరి టీకా వేసి ఏడాది దాటితే వాళ్ల మాటకు విలువ లేదు. ఇంకొక పని కూడా ఉంది. గాయమైన రోజు నుంచి పది రోజులు ఆ కుక్క మీద కన్ను వేసి ఉంచాలి. అది ఆ పది రోజులూ ఆరోగ్యంగా, ఎప్పటిలా తింటూ తిరుగుతూ ఉంటే, గాయమైన రోజున దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. ఆ విషయం చెబితే మిగిలిన డోసులు వేయాలా మానాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. పది రోజులు ఆగి చూసి అప్పుడు టీకా మొదలుపెడదామని మాత్రం అనుకోకండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఓపీ చీటీ, ఇంజెక్షన్ల కార్డు భద్రంగా దాచండి. వాటి అవసరం తర్వాత మళ్లీ వస్తుంది.

ఇక తగాదా సంగతి. మీ అపార్ట్‌మెంటులో అందరూ ఆ కుక్కను ఏం చేయాలా అని ఆలోచిస్తున్నారు. మన చట్టాలు మాత్రం దాన్ని పెంచుతున్న మనిషి ఏం చేశాడు, ఏం చేయలేదు అని అడుగుతాయి. మీరు కూడా ఆ ప్రశ్నే పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. కుక్కను వెళ్లగొట్టాలని బయలుదేరినవాళ్లు చాలాసార్లు ఓడిపోయి, పైగా తామే నేరస్తులుగా నిలబడ్డారు. యజమాని బాధ్యతను అడిగినవాళ్లకు చట్టంలో గట్టి ఆధారమే ఉంది.

అసోసియేషన్ తీర్మానం ఎందుకు నిలవదో ముందు చెబుతాను. మన దగ్గర అపార్ట్‌మెంటు సంఘాలు చాలావరకు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో నమోదైనవి. తమ ఆవరణకు నియమాలు రాసుకునే అధికారం వాటికి ఉంది కానీ, దేశ చట్టం ఇచ్చిన హక్కును మెజారిటీ ఓటుతో తీసేసే అధికారం లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో నివాస సంఘాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సంగతి సూటిగా చెప్పింది. అందరూ ఒప్పుకున్నా సరే, పెంపుడు కుక్కలను నిషేధించడం కుదరదు. జాతిని బట్టి, సైజును బట్టి వద్దనడం కుదరదు. మొరుగుతుందన్న కారణంతో ఇల్లు ఖాళీ చేయించడం కుదరదు. లిఫ్టు వాడుకోవడాన్ని పూర్తిగా అడ్డుకోవడమూ కుదరదు. 2021లో కేరళ హైకోర్టు కూడా పెంపుడు జంతువులను నిషేధించే నివాస సంఘాల నియమాలు చెల్లవని తేల్చింది. ఆ తీర్పుకు మన హైకోర్టు కట్టుబడాలని లేదు, కానీ ఇక్కడి న్యాయమూర్తి ముందు మీ పై ఫ్లాటువాళ్ల న్యాయవాది మొదట పెట్టేది ఆ తీర్పునే. అయితే అదే తీర్పు పెంపకందారులకు ఒక హెచ్చరిక కూడా చేసింది. కుక్కను పెంచుకునే స్వేచ్ఛ ఉందని ఇరుగుపొరుగు హక్కులను గౌరవించే బాధ్యత పోదని అది చెప్పింది. మీకు పనికొచ్చే భాగం అది.

సుప్రీంకోర్టు మాట తెచ్చినవారికి కూడా నెమ్మదిగా నచ్చజెప్పండి. 2025 ఆగస్టు 11న వచ్చిన ఉత్తర్వు, ఆగస్టు 22న దాన్ని మారుస్తూ వచ్చిన ఉత్తర్వు వీధి కుక్కల గురించినవి. ఎవరి ఇంట్లోనో టీకాలు వేయించుకుని పెరుగుతున్న కుక్కకు వాటితో సంబంధం లేదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా పెంపుడు జంతువులను, వీధి జంతువులను విడివిడిగానే చూస్తాయి. పెంపుడు జంతువు బాగోగులు దాన్ని పెంచేవారివేనని అంటాయి.

ఇక ఆ ‘మందు పెట్టడం’ మాట. ఆయన కోపంలో అన్నారో, నిజంగానే అనుకున్నారో నాకు తెలియదు. ఏదైనా ఆ మాట మీ ఇంటి గడప దాటి లోపలికి రానివ్వకండి. జంతువుకు విషం పెట్టి చంపితే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. శిక్ష సంగతి అలా ఉంచినా, బాల్కనీలో కట్టేసి ఉన్న ఆ జీవి తాను కోరుకుని అక్కడ లేదు. పైగా పిల్లలు తిరిగే ఆవరణలో విషం కలిపిన తిండి ఎవరి చేతికి దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. రేపు ఆ కుక్కకు నిజంగా ఏదైనా జబ్బు చేసి చచ్చిపోయినా, ఫిర్యాదు చేస్తూ వచ్చిన మీ మీదే అనుమానం పడుతుంది. అందుకే ఆయన ఆ మాట మళ్లీ అంటే, నలుగురి ముందే ‘అలాంటి పనికి మేము ఒప్పుకోం’ అని స్పష్టంగా చెప్పండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆధారాలు చూద్దాం. మొదటిది, అన్నిటికన్నా బలమైనది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సంహితకు ముందు, ఇదే నిబంధన పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 289గా ఉండేది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ తీవ్ర గాయానికి గానీ ప్రమాదం కలిగే అవకాశం ఉన్నప్పుడు, తగిన జాగ్రత్త తీసుకోకుండా తెలిసి గానీ నిర్లక్ష్యంగా గానీ వదిలేసినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా వెయ్యి రూపాయలే. పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం ఇది. ఇందులో ‘స్వాధీనంలో ఉన్న’ అన్న మాట గమనించండి. ఫ్లాటు యజమాని ఎక్కడో ఉండవచ్చు. బాధ్యత మాత్రం కుక్కను పెంచుతున్న మీ పై ఫ్లాటువారిదే. ఆటగా మీద పడింది అని వాళ్లు అనవచ్చు. కుక్కకు ఏ ఉద్దేశం ఉందో సెక్షన్ అడగదు. అంత పెద్ద కుక్కను లిఫ్టు దగ్గర, పిల్లలు తిరిగే చోట గొలుసు లేకుండా వదలడం తగిన జాగ్రత్తేనా అని మాత్రం అడుగుతుంది. ఒకసారి పిల్లవాడికి గాయమయ్యాక, ప్రమాదం ఉందని మాకు తెలియదు అనే అవకాశం వాళ్లకు ఇక లేదు. అందుకే ఆ సంఘటనను రాతపూర్వకంగా వాళ్ల దృష్టికి తేవడం చాలా ముఖ్యం.

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను కూడా ఈ సందర్భంలో వదిలేయాలి. భయపడిన కుక్క, విసిగిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడా. ఆ సామెత నమ్మి పిల్లలను దగ్గరికి పంపకండి. బాబుకు నాలుగు మాటలు నేర్పండి: కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, కళ్లలోకి గుచ్చి చూడకూడదు, తింటున్నప్పుడు ముట్టుకోకూడదు, బాల్కనీలో ఉన్నదాన్ని కింది నుంచి కవ్వించకూడదు.

మొరుగుడు విషయానికి వస్తే, ఇక్కడే మీకు ఎవరూ చెప్పని ఒక దారి ఉంది. ఆ కుక్క ఎందుకు మొరుగుతోందో మీ ఉత్తరంలోనే ఉంది. జర్మన్ షెపర్డ్ మందలు కాయడానికి పెంచిన జాతి. రోజూ బాగా నడవాలి, పరుగెత్తాలి, ఏదో ఒక పని ఉండాలి. అలాంటి జంతువును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, మళ్లీ రాత్రంతా ఒక బాల్కనీలో కట్టేస్తే అది ఒంటరితనంతో, విసుగుతో, కింద కదిలే ప్రతి మనిషినీ చూసి అరుస్తుంది. అది కుక్క పొగరు కాదమ్మా, బాధ. మన చట్టం ఈ బాధను కూడా గుర్తించింది. జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో, ఎప్పుడూ కట్టేసి గానీ ఇరుకులో బంధించి గానీ ఉంచే కుక్కకు తగినంత నడక, వ్యాయామం ఇవ్వని యజమాని హింసకు పాల్పడినట్టే. మరీ పొట్టి గొలుసుతో, అనవసరంగా ఎక్కువసేపు కట్టేయడం కూడా హింసే. జరిమానా అంకెలు 1960 నాటివే, మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె చూసి నిరుత్సాహపడకండి. ఇక్కడ అసలు విషయం జరిమానా కాదు. మీ అత్తగారి నిద్రను కాపాడే నియమమూ, ఆ కుక్కను కాపాడే నియమమూ ఒకటే పని కోరుతున్నాయి: ఉదయం, సాయంత్రం బాగా తిప్పడం, మధ్యాహ్నం ఎవరినైనా పంపి ఒకసారి చూసుకోవడం, రాత్రి బాల్కనీలో కాకుండా ఇంట్లో పడుకోబెట్టడం. ఈ మూడూ జరిగితే మొరుగుడు చాలావరకు తగ్గుతుంది. బాల్కనీకి వీధి కనబడకుండా చాపో గుడ్డో కట్టినా కొంత మేలు.

అందుకే వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘మీ కుక్కను తీసేయండి’ అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే వాళ్లు కుక్కను కాపాడుకునే పనిలో పడతారు, మీ మాట వినరు. ‘మీ కుక్క అక్కడ బాధపడుతోంది, దానివల్ల మా ఇంట్లో పెద్దావిడ బాధపడుతున్నారు’ అనండి. కుక్కను ప్రేమించేవాళ్లకు ఈ మాట తగులుతుంది. మీ కోపం న్యాయమైనదే, కానీ మీకు కావలసింది ఫలితం.

శబ్దానికి సంబంధించి 2000 సంవత్సరపు నియమాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్, పగలు 55 డెసిబెల్స్ పరిమితి ఉంది. అయితే ఆ నియమాల దృష్టి ముఖ్యంగా లౌడ్‌స్పీకర్లు, హారన్లు, బాణసంచా వంటి వాటి మీద. కాబట్టి మీ ఫిర్యాదు మొత్తాన్ని దాని మీద నిలబెట్టమని చెప్పను. ‘రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు’ అన్న గీతను మాత్రం మీ మాటల్లో వాడుకోండి, అందరూ ఒప్పుకునే గీత అది. జంతు సంక్షేమ బోర్డు కూడా మొరగడం కుక్కకు సహజమే అంటూనే, ఆగకుండా మొరిగితే పొరుగువారికి ఇబ్బంది కాబట్టి ముఖ్యంగా రాత్రి పూట దాన్ని నిశ్శబ్దంగా ఉంచే ప్రయత్నం చేయాలని యజమానులకు చెప్పింది.

మలమూత్రాల సంగతి వివాదమే లేనిది. మెట్లు, టెర్రస్ అందరివీ. శుభ్రం చేయాల్సింది కుక్కను తిప్పినవారే. అక్కడ ఊడ్చే మనిషి మీద ఆ పని నెట్టడం తప్పు.

అసోసియేషన్‌వారు నిషేధం మీద పెట్టే శక్తిని, తాము నిజంగా చేయగలిగిన నియమాల మీద పెట్టమనండి. ఉమ్మడి స్థలాల్లో కుక్కకు ఎప్పుడూ గొలుసు ఉండాలి, ఆ గొలుసు పెద్దవారి చేతిలో ఉండాలి. పిల్లలో, వృద్ధులో లిఫ్టులో ఉంటే కుక్కను తెచ్చినవారు తర్వాతి లిఫ్టుకు ఆగాలి. టీకాల పత్రం నకలు ఏటా అసోసియేషన్‌కు ఇవ్వాలి. టెర్రస్ మీద కుక్కను తిప్పుకోవడానికి వేళలు పెట్టుకోవాలి. అన్ని కుక్కలకూ మూతికి చిక్కం పెట్టాలని బలవంతం చేయడం బోర్డు మార్గదర్శకాలకు పొసగదు, ఆ జోలికి పోవద్దు. ఈ నియమాలు పై ఫ్లాటువారి కోసమే రాసినట్టు ఉండకూడదు. ఆవరణలోని అన్ని పెంపుడు కుక్కలకూ వర్తించేలా, కుక్కలు పెంచేవాళ్లను కూడా కూర్చోబెట్టి సర్వసభ్య సమావేశంలో రాయాలి. అప్పుడే నిలుస్తాయి.

లైసెన్సు కూడా అడగండి. నగరపాలక సంస్థలు పెంపుడు కుక్కలను నమోదు చేయించమంటాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ టీకా ధ్రువపత్రం చూసి లైసెన్సు ఇస్తుంది. మీ నగరపాలక సంస్థ వెటర్నరీ విభాగానికి వెళ్లి, ఫలానా ఫ్లాటు కుక్క నమోదైందో లేదో చూడమని ఒక అర్జీ ఇస్తే చాలు. పోలీసు స్టేషను మెట్లెక్కకుండానే యజమానికి మొదటి నోటీసు అందే మార్గం ఇది.

ఇక మీరు చేయాల్సిన పని. ఈరోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా మొరిగింది, అప్పుడు ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది, అంతే. విశేషణాలు వద్దు. ‘భరించలేనంతగా’ అని రాసిన పేజీ కన్నా ‘రాత్రి 1.10 నుంచి 2.40 వరకు’ అని రాసిన వాక్యం అధికారిని కదిలిస్తుంది. మీ పడకగదిలో నిలబడి ఫోనులో శబ్దం రికార్డు చేయండి. వాళ్ల ఇంట్లోకి కెమెరా తిప్పకండి. లిఫ్టు దగ్గర సీసీ కెమెరా ఉంటే సంఘటన రోజు దృశ్యాలను వెంటనే భద్రపరచమని అసోసియేషన్‌కు రాసివ్వండి. కొన్ని రోజులు గడిస్తే పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. అత్తగారిని చూసే డాక్టరుకు నిద్ర లేమి సంగతి చెప్పి, చీటీలో రాయించుకోండి.

తర్వాత పై ఫ్లాటువారికి ఒక ఉత్తరం ఇవ్వండి. చేతికి ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఇలా రాయవచ్చు:

‘ఫలానా తేదీ సాయంత్రం లిఫ్టు వద్ద గొలుసు లేకుండా ఉన్న మీ కుక్క మా అబ్బాయి మీదికి దూకి మోచేతికి గాయం చేసింది. రక్తం వచ్చినందున టీకా వేయిస్తున్నాం. కుక్క టీకాల పత్రం నకలు ఈరోజే ఇవ్వగలరు. ఇకపై ఉమ్మడి స్థలాల్లో దాన్ని గొలుసుతో మాత్రమే తీసుకువెళ్లగలరు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బాల్కనీలో కట్టవద్దని, పగలు కూడా ఎక్కువసేపు ఒంటరిగా కట్టేసి ఉంచవద్దని కోరుతున్నాం. మా ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దావిడ ఉన్నారు. వైద్య ఖర్చుల బిల్లులు జత చేస్తాం. రెండు వారాల్లో మార్పు కనబడుతుందని ఆశిస్తున్నాం.’

ఇందులో బెదిరింపు లేదు, సెక్షను నంబర్లు లేవు. అయినా ఆ తేదీ నుంచి వాళ్లకు విషయం తెలుసని చెప్పే సాక్ష్యం ఇది. ఇంటి యజమానికి కూడా ఒక నకలు పంపండి, అద్దెకు ఇచ్చినవారి ఫోను చాలాసార్లు పనిచేస్తుంది.

రెండు వారాల్లో మార్పు రాకపోతే, లేదా కుక్క మళ్లీ ఎవరి మీదికైనా వస్తే ఆ రోజే, పోలీసు స్టేషనులో సెక్షన్ 291 కింద రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఆసుపత్రి చీటీ, ఉత్తరం నకలు, నోటు పుస్తకం పేజీలు జత చేయండి. మీతో పాటు ఇంకో మూడు నాలుగు ఫ్లాటులవారు సంతకం చేస్తే అది ఇద్దరి మధ్య తగాదాగా కాక, చుట్టుపక్కల వారందరి ఇబ్బందిగా కనబడుతుంది. చట్టంలో దీనికి తేడా ఉంది. పరిసరాల్లో ఉండేవారందరికీ కలిగే ఇబ్బంది ప్రజా ఉపద్రవం, అది సంహితలో సెక్షన్ 270 కిందికి వస్తుంది, జరిమానా సెక్షన్ 292 కింద వెయ్యి రూపాయల వరకు. ఒక్క మీ ఇంటికే కలిగే ఇబ్బంది అయితే సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు, నష్టపరిహారం అడగాలి. అది నిదానంగా నడిచే దారి, చివరికి ఉంచుకోండి.

చాలామందికి తెలియని ఇంకో తలుపు ఉంది. నేర విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు, అంటే సాధారణంగా తహశీల్దారుకో ఆర్డీవోకో దరఖాస్తు చేయవచ్చు. ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానికి షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం వారికి ఉంది. అవతలివారు వచ్చి తమ వాదన చెప్పుకోవచ్చు. ఆ సెక్షనులో జంతువును చంపమనే అధికారం కూడా ఉంది, మీరు దాన్ని అడగవద్దు, కట్టడి మాత్రమే అడగండి. కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినా అది సంబంధిత అధికారికి చేరుతుంది. తెలంగాణలో ఉన్న పాఠకులు ప్రజావాణిలో ఇవ్వవచ్చు.

మీవారి భయం గురించి. ఇరుగుపొరుగుతో పగ వద్దనుకోవడం మంచి మనసే. అయితే ఏడాదిగా గట్టిగా అడగకుండా ఊరుకున్నందువల్ల స్నేహం ఏమీ పెరగలేదు, చాటుగా కోపం పెరిగింది, చివరికి మందు పెట్టే మాట దాకా వచ్చింది. స్పష్టంగా, మర్యాదగా, కాగితం మీద అడిగిన మాట పగను పెంచదని నా అనుభవం. చాటుమాటు మాటలే పెంచుతాయి. మీరిద్దరూ కలిసే పైకి వెళ్లండి. వీలైతే వాళ్లు ఉద్యోగం నుంచి వచ్చిన వెంటనే కాకుండా ఆదివారం పొద్దున వెళ్లండి. బాబును వెంట తీసుకెళ్లకండి, వాడి ముందు గొంతులు లేస్తే ఆ కుక్కంటే వాడికి భయం ఇంకా పెరుగుతుంది.

వాళ్లు మాటకు రానంటే, పోలీసుల కన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. కేసు వేయకముందే ఇరుపక్షాలనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు, ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, తర్వాత మాట తప్పడం కుదరదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కాబట్టి దరఖాస్తు మీ పేరు మీదే పెట్టండి. ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీ, పై ఫ్లాటుకు ఇచ్చిన ఉత్తరం నకలు వెంట తీసుకెళ్లండి.